రష్ వారం: పెళ్లిచూపులకీ వెబ్ ఆప్షన్లకీ మధ్య

రెండేళ్ల కింద ఆగస్టులో ఒకరోజు పొద్దున ఏడు కూడా కాకముందే మా అక్క కూతురు ఫోన్ చేసింది, కాలేజీలో దింపొచ్చి అప్పటికి వారమే అయింది. ఏడుపు గొంతు. "పిన్నీ, ఇన్నాళ్లూ పదిహేను హౌసులు తిరిగాను కదా, ఇప్పుడే ఫోన్‌లో షెడ్యూల్ వచ్చింది, నాలుగే మిగిలాయి, మిగతావన్నీ నన్ను డ్రాప్ చేసేశాయి" అంది. నేనేదో కోర్సులు డ్రాప్ అయ్యాయేమో అనుకుని అడ్వైజర్‌తో మాట్లాడావా అని అడిగాను. కోర్సులు కాదట, సొరోరిటీ రష్ అట, అంటే కాలేజీలో ఆడపిల్లల సంఘాలు కొత్తవాళ్లని ఎంచుకునే తంతు. అయిదు నిమిషాల్లో న్యూజెర్సీ నుంచి మా అక్క లైన్లోకి వచ్చింది. "ఏంటే ఇది, స్నేహం చెయ్యడానికి ఇంటర్వ్యూలా? పైగా ఎదురు డబ్బులు కట్టి మరీనా?"

ఏ కాలేజీయో చెప్పను, అమెరికా దక్షిణాదిలో ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీ. నేను అమెరికా వచ్చి పద్దెనిమిదేళ్లు, నాకూ అప్పటిదాకా సొరోరిటీ అంటే ఒకేలాంటి డ్రెస్సులేసుకుని మెట్ల మీద నిలబడి పాటలు పాడే అమ్మాయిలు, అంతే. ఆ వారమంతా దాంతో ఫోన్‌లో కూర్చుని, ఆ తర్వాత పట్టుబట్టి చదివి తెలుసుకున్నాక అర్థమైంది ఏంటంటే, బయటికి పార్టీలా కనపడే ఆ రష్ లోపల నడిచేది అచ్చంగా సీట్ల కౌన్సెలింగ్. మన ఎంసెట్ కౌన్సెలింగ్ లాంటిదే, కాకపోతే ర్యాంకు మనకి చెప్పరు, మొహం మీద నవ్వు మాత్రం తియ్యకూడదు.

ముందు అసలు ఇవేంటో. మగపిల్లల సంఘాల్ని ఫ్రటర్నిటీ అంటారు, ఆడపిల్లలవి సొరోరిటీ, పేర్లన్నీ గ్రీకు అక్షరాలు కాబట్టి మొత్తం కలిపి గ్రీక్ లైఫ్ అంటారు, గ్రీసు దేశానికీ దీనికీ సంబంధం లేదు. ఒక్కో సొరోరిటీకి దేశం మొత్తానికి ఒక హెడ్డాఫీసు ఉంటుంది, ఒక్కో కాలేజీలో దాని శాఖని చాప్టర్ అంటారు. పెద్ద కాలేజీల్లో చాప్టర్‌కి సొంత బిల్డింగ్, వంటమనిషి, హౌస్ మదర్ అని పిలిచే ఒక పెద్దావిడ, అన్నీ ఉంటాయి, అందుకే పిల్లలు చాప్టర్ అనకుండా హౌస్ అంటారు. అలబామా యూనివర్సిటీ లాంటి చోట ఒక్కో చాప్టర్‌లో నాలుగొందల మంది పైన ఉంటారు, అంటే మా ఊరి హైస్కూల్ మొత్తం ఒక క్లబ్బు అన్నమాట.

ఇవి పుట్టిన కథ వింటే ఇప్పటి రీల్స్‌కీ దానికీ పొంతనే ఉండదు. 1851లో జార్జియా రాష్ట్రం మేకన్ ఊళ్లో వెస్లియన్ ఫిమేల్ కాలేజీలో అడెల్ఫియన్ సొసైటీ అని ఒకటి మొదలైంది, అదే ఇప్పటి ఆల్ఫా డెల్టా పై. తర్వాతి ఏడాది అదే కాలేజీలో ఇంకోటి, ఇప్పటి ఫై మ్యూ. ఆ తర్వాత మగపిల్లల కాలేజీల్లోకి అమ్మాయిల్ని చేర్చుకోవడం మొదలయ్యాక అసలు అవసరం వచ్చింది, ఎందుకంటే క్లాసులో నలుగురైదుగురే ఆడపిల్లలు, వాళ్లని ఎవరూ దేంట్లోనూ కలుపుకోరు. ఇండియానాలో ఇప్పటి డిపా యూనివర్సిటీలో బెట్టీ లాక్ అనే అమ్మాయిని ఒక ఫ్రటర్నిటీ వాళ్లు మా బ్యాడ్జి పెట్టుకో కానీ మెంబర్‌షిప్ ఇవ్వం అన్నారనీ, అలాంటప్పుడు మాదే ఒకటి పెట్టుకుంటాం అని 1870లో కప్పా ఆల్ఫా థీటా పెట్టిందనీ చెప్తారు. అప్పటికి సొరోరిటీ అనే మాటే లేదు, వాళ్లదీ మహిళల ఫ్రటర్నిటీయే. 1874లో సిరాక్యూస్‌లో మొదలైన గామా ఫై బీటా కోసం ఫ్రాంక్ స్మాలీ అనే లాటిన్ ప్రొఫెసర్ లాటిన్‌లో అక్క చెల్లెళ్లని చెప్పే సొరోర్ అన్న మాట పట్టుకుని సొరోరిటీ అనే పదం తయారు చేసిచ్చాడు.

ఇక రష్. మాటలోనే కథంతా ఉంది. మొదట్లో పై క్లాసుల వాళ్లనే చేర్చుకునేవాళ్లు. పక్క సంఘం వాళ్లు కిందటి క్లాసు నుంచే మంచివాళ్లని ఎగరేసుకుపోతుంటే వీళ్లు ఇంకో ఏడాది ముందుకెళ్లారు, అలా ఒకళ్లని మించి ఒకళ్లు ముందుకి పరుగెత్తీ పరుగెత్తీ చివరికి కాలేజీలో కాలు పెట్టిన రోజే పట్టుకోవడం దాకా వచ్చింది, ఆ పరుగే రష్. ఇది మనకి కొత్తేం కాదు. పదో తరగతి పరీక్షలే ఇంకా రాయలేదు, ఇంటర్ కాలేజీ పీఆర్వో సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని, ఇప్పుడే సీటు బుక్ చేస్తే ఫీజులో ఇంత తగ్గిస్తాం అంటాడు చూశారా, సరిగ్గా అదే జబ్బు. దీన్ని ఆపడానికే 1902లో ఏడు సొరోరిటీలు చికాగోలో కూర్చుని ఒక ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి, ఇప్పుడు దాని పేరు నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్, 26 సొరోరిటీలు ఉన్నాయి అందులో. ఎప్పుడు మొదలెట్టాలి, ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడొచ్చు, మొత్తం వాళ్ల రూల్సే.

ఆ రూల్స్ ప్రకారం ఇప్పుడు జరిగేది ఇది. చేరాలనుకున్న అమ్మాయి రిజిస్టర్ చేసుకుని ఫీజు కడుతుంది, వెనక్కి రాదు. మొదటి రౌండ్‌లో అన్ని హౌసులూ తిరగాలి. గుమ్మం బయట అమ్మాయిలు వరసగా నిలబడతారు, తలుపు తెరుచుకోగానే లోపల యాభై అరవై మంది చప్పట్లు కొడుతూ పాట, ఒకమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి ఏ ఊరు ఏం చదువుతున్నావ్ అని అడుగుతుంది, నాలుగు నిమిషాలకి ఇంకో అమ్మాయి వచ్చి భుజం తట్టి ఆమె ప్లేసులో నిలబడుతుంది, తర్వాత ఇంకొకామె, అరగంటకి బయటికి. అదేం సరదా కబుర్లు కాదు, ముగ్గురు నలుగురు మాట్లాడితే ముగ్గురు నలుగురి మార్కులు పడతాయి, సాయంత్రం హౌస్ మొత్తం కూర్చుని వేసుకునే లెక్క అది. మా పిల్ల చెప్పింది, ఎండలో నడిచి నడిచి మేకప్ కారిపోతుంటే బ్యాగ్‌లో చేతి ఫ్యాను, బొబ్బలకి బ్యాండేజీలు, రెండో జత చెప్పులు పెట్టుకుని తిరిగారట అందరూ. పెళ్లిచూపుల్లో కూడా ఇంతే కదా, అందరూ నవ్వుతారు, కాఫీ బావుందంటారు, గుమ్మం దాటాక తర్వాత కబురు చేస్తాం అంటారు. ఇక్కడ ఒకే రోజు ఏడెనిమిది పెళ్లిచూపులు.

రాత్రికి రెండు వైపుల నుంచీ లిస్టులు వెళ్తాయి. అమ్మాయి తనకి ఏ హౌసులు నచ్చాయో వరస పెడుతుంది, హౌసులు ఏ అమ్మాయిలు నచ్చారో వరస పెడతాయి, కంప్యూటర్ రెండూ కలిపి తర్వాతి రౌండ్ షెడ్యూల్ ఇస్తుంది. రెండో రౌండ్‌లో ఆ హౌస్ ఏ సేవా కార్యక్రమం చేస్తుందో చెప్తారు, మూడోదాంట్లో సిస్టర్‌హుడ్, చివరిది ప్రిఫరెన్స్, కొవ్వొత్తులూ కన్నీళ్లూ అన్నీ అప్పుడే. ఒక్కో రౌండ్‌కి సంఖ్య తగ్గుతూ చివరికి ఒక అమ్మాయికి మామూలుగా రెండే మిగులుతాయి.

మా పిల్లకి పదిహేను ఒక్కసారే నాలుగు ఎందుకయ్యాయన్నది నాకు చాలారోజులు అర్థం కాలేదు, అది కూడా నేనేదో తప్పు మాట్లాడి ఉంటాను అని పట్టుకుని కూర్చుంది. నిజానికి దాని వెనకాల ఒక లెక్క ఉంది. లెక్క కోసం పదిహేను హౌసులు, పదిహేను వందల మంది అమ్మాయిలు అనుకుందాం, ఒక్కో హౌస్‌కి కోటా వంద. పేరున్న హౌస్ ఎవర్ని పిలిచినా వాళ్లు పరుగెత్తుకుంటూ వస్తారు కాబట్టి ఆ హౌస్ మూడో రౌండ్‌కి మూడొందల మందిని పిలిస్తే చాలు. పేరు తక్కువున్న హౌస్ పిలిస్తే సగం మంది రారు, అదే మూడొందల మంది కూర్చోవాలంటే అది ఆరొందల మందిని పిలవాలి. పాత రోజుల్లో పేరున్న హౌసులు కూడా మొహమాటానికి అందర్నీ చివరిదాకా పిలిచి ఆఖరి రోజున కట్ చేసేవి, ఆ అమ్మాయిలు అప్పటికే మిగతావి వదులుకుని ఉండేవాళ్లు కాబట్టి ఎటూ కాకుండా పోయేవాళ్లు. అందుకని 2000ల మొదట్లో ఒక పద్ధతి తెచ్చారు: ఏ హౌస్ ఎంతమందిని పిలవొచ్చో గత ఏళ్ల రికార్డు చూసి ముందే నంబర్ ఇస్తారు, పేరున్న హౌస్ మొదట్లోనే గట్టిగా కోయాలి. అంటే మా పిల్లని రెండోరోజే కోసేసిన హౌసుల్లో చాలావాటికి దాని మీద ఏ అభిప్రాయమూ ఉండి ఉండదు, వాళ్లకి అన్ని వందల మందిని ఆ రాత్రే తగ్గించక తప్పదు, తెలిసినవాళ్లని ఉంచుకుని తెలియనివాళ్లని తీసేశారు. నా మాట విని అది ఏడుపు ఆపిందా అంటే లేదు. పద్ధెనిమిదేళ్ల పిల్లకి స్టాటిస్టిక్స్ చెప్తే ఊరుకుంటుందా.

చివరి రోజు సంతకం ఇంకా పెద్ద తిరకాసు. ప్రిఫరెన్స్ అయిన వెంటనే, ఎవరితో మాట్లాడకుండా, ఒక అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాలి, ఫలానా హౌసులు ఫలానా వరసలో నాకు ఇష్టమే అని. దాంట్లో రాసిన హౌస్ నుంచి పిలుపు, అంటే బిడ్, వచ్చాక వద్దంటే మళ్లీ ఏడాది దాకా ఆ క్యాంపస్‌లో ఆ 26లో దేంట్లోనూ చేరకూడదు. తనకి వచ్చిన అన్నిట్నీ రాసిన అమ్మాయికి ఏదో ఒకటి కచ్చితంగా వచ్చేలా చూస్తారు. కానీ రెండో హౌస్ నచ్చక ఒక్కటే రాసిందనుకోండి, అది రాకపోతే ఏదీ రాదు. వెబ్ ఆప్షన్లలో ఒక్క కాలేజీ పెట్టి ఫ్రీజ్ కొట్టినట్టు. మొన్నమొన్నటి దాకా పిల్లలు దీన్ని సూసైడ్ బిడ్ అనేవాళ్లు, వినడానికే బాలేదు, ఇప్పుడు మర్యాదగా సింగిల్ ప్రిఫరెన్స్ అంటున్నారు. విచిత్రం ఏంటంటే ఇది ఎకనామిక్స్ వాళ్లకి కూడా ఎక్కింది. సూసన్ మాంజెల్, ఆల్విన్ రాత్ అనే ఇద్దరు 1991లో సొరోరిటీ రష్ మీదే అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో పేపర్ రాశారు. కాగితం మీద చూస్తే ఈ పద్ధతి నిలబడకూడదు, ఒకరికి ఒకరు నచ్చి కూడా కలవని జంటలు మిగిలిపోవాలి, అయినా నిలబడుతోంది, ఎందుకంటే చాలామంది అమ్మాయిలు ఒక్కటే రాస్తున్నారు కాబట్టి అని తేల్చారు. ఆ రాత్‌కే 2012లో నోబెల్ వచ్చింది, రష్ మీద కాదులెండి, డాక్టర్లకి హాస్పిటళ్లు, పిల్లలకి స్కూళ్లు ఎలా కుదర్చాలి అనే మొత్తం పని మీద.

ఆ మర్నాడే బిడ్ డే. అలబామాలో అయితే ఫుట్‌బాల్ స్టేడియంలో కూర్చోబెట్టి అందరి చేతికీ కవర్లిచ్చి ఒకేసారి తెరవమంటారు, అక్కడి నుంచి అరుచుకుంటూ హౌసులకి పరుగు, తల్లిదండ్రులు రోడ్డు పక్కన ఫోన్లు పట్టుకుని నిలబడతారు. 2021 ఆగస్టులో టిక్‌టాక్‌లో ప్రపంచమంతా చూసింది ఆ క్యాంపస్ రష్‌నే, రోజూ పొద్దున ఇవాళ ఏం డ్రెస్, ఏ చెవిపోగులు అని చెప్పిన వీడియోలు.

చేరాక మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు కొత్త మెంబర్. వెనకటి మాట ప్లెడ్జ్, దానికి చెడ్డపేరు వచ్చిందని సొరోరిటీలు న్యూ మెంబర్ అంటున్నాయి, మగపిల్లలు ఇంకా ప్లెడ్జ్ అనే అంటారు. ఈ వారాల్లో సంస్థ చరిత్ర మీద క్లాసులు, పరీక్ష, లైబ్రరీలో ఇన్ని గంటలు కూర్చోవాలని రూలు, గ్రేడ్లు తగ్గితే ఇనిషియేషన్, అంటే పూర్తి మెంబర్‌గా చేర్చుకోవడం, ఆగిపోతుంది. అన్నిటికంటే సరదాది బిగ్, లిటిల్. పై క్లాసు అమ్మాయి ఒకతి నీకు బిగ్, నువ్వు ఆమెకి లిటిల్, వారం రోజులు ఎవరో చెప్పకుండా గది ముందు గిఫ్టు బుట్టలు పెట్టి చివరిరోజు బయటపడుతుంది. బిగ్ వాళ్ల బిగ్ నీకు గ్రాండ్‌బిగ్, ఆపైన గ్రేట్ గ్రాండ్‌బిగ్, మొత్తం వంశవృక్షం గీసుకుంటారు. వరసలు కలపడంలో మనల్ని మించినవాళ్లు లేరనుకున్నాను.

ఆ తర్వాత లోపలి జీవితం చాలా మటుకు ఆఫీసే. వారానికోసారి చాప్టర్ మీటింగ్, రాకపోతే ఫైన్. పాయింట్ల పద్ధతి ఉంటుంది, మీటింగులకీ సేవా కార్యక్రమాలకీ వస్తే పాయింట్లు, సరిపడా లేకపోతే ఫార్మల్ అనే ఏడాది పార్టీకి రానివ్వరు. ప్రెసిడెంటు, ట్రెజరర్, సోషల్ చెయిర్, రిస్క్ చూసుకునే అమ్మాయి, క్రమశిక్షణకి స్టాండర్డ్స్ బోర్డు, ఇరవై ఏళ్ల పిల్లలే లక్షల డాలర్ల బడ్జెట్ నడుపుతారు, అది మాత్రం నిజంగా మెచ్చుకోవాల్సిందే. డబ్బు సంగతికొస్తే హౌస్ లేని చిన్న చాప్టర్‌కి సెమిస్టర్‌కి కొన్ని వందల డాలర్లు, పెద్ద హౌసులకి వేలల్లో, మొదటి సెమిస్టర్ ఇంకా ఎక్కువ, బ్యాడ్జి, ఇనిషియేషన్ ఫీజు అన్నీ అప్పుడే పడతాయి. అందులో హెడ్డాఫీసు వాటా, ఇన్సూరెన్సు, బిల్డింగ్ ఖర్చు, భోజనం, చివరికి ప్రతి ఈవెంట్‌కీ ఒక టీషర్టు. టీషర్టులు ఎన్నంటే, మా పిల్ల ఫ్రెండు ఒకమ్మాయి నాలుగేళ్లవి కలిపి దుప్పటి కుట్టించుకుంది.

పార్టీలు ఎలా ఉంటాయో చెప్పకపోతే ఎవరూ వదలరు కాబట్టి చెప్తాను. ఒక ఫ్రటర్నిటీతో కలిసి చేసేది మిక్సర్, బయటి నుంచి ఒక జోడీని తెచ్చుకునేది డేట్ పార్టీ, ఏడాదికోసారి గౌన్లేసుకుని వెళ్లేది ఫార్మల్. ఫార్మల్ అంటే హౌస్ ముందు బస్సు, లిస్టులో పేరు చూసి ఎక్కిస్తారు, అతిథుల పేర్లు ముందే ఇవ్వాలి, ఇరవై ఒకటి దాటినవాళ్లకే చేతికి పట్టీ, లైసెన్సున్న బార్ వాడే మందు పొయ్యాలి, కొంతమంది అక్కలు ఆ రాత్రి తాగకుండా కాపలా. పిల్లల పార్టీకంటే ఎయిర్‌పోర్టు సెక్యూరిటీలా ఉంటుంది కాగితం మీద.

కానీ మామూలు వారాంతం అలా ఉండదు, అసలు చిక్కు అక్కడుంది. సొరోరిటీ హౌసుల్లో మందు ఉండకూడదని వాళ్ల జాతీయ సంస్థలదే నిబంధన. చాలామంది చెప్పే కథ, ఇంతమంది ఆడవాళ్లు ఒకే ఇంట్లో ఉంటే పాత చట్టం ప్రకారం వేశ్యాగృహం అవుతుందని అందుకే కొన్ని ఊళ్లలో హౌసులు ఉండవని, అది ఒట్టి పుకారు, ప్రతి క్యాంపస్‌లోనూ మా ఊళ్లోనే అని చెప్పుకుంటారు. సరే, ఆడపిల్లల ఇంట్లో మందు లేదు, అందువల్ల పార్టీ ఎప్పుడూ మగపిల్లల ఇంట్లోనే. తలుపు దగ్గర నిలబడి ఎవరు లోపలికి, ఎవరు బయటికి అని చెప్పేది వాళ్లు, గ్లాసులో ఏం కలిపారో తెలిసింది వాళ్లకి, పైన గదులు వాళ్లవి. సేఫ్టీ కోసం పెట్టిన రూలు వల్ల అమ్మాయిలు తమది కాని ఇంట్లో అర్ధరాత్రి ఉండాల్సొస్తోంది. 2019 నుంచి ఫ్రటర్నిటీల సమాఖ్య కూడా 15 శాతం కంటే ఘాటైన మందు హౌసుల్లో పెట్టొద్దంది, కాగితం మీద ఉన్నది ఇంట్లో ఎంత ఉందో వెళ్లినవాళ్లకే తెలుస్తుంది. సొరోరిటీలు తమ ఇంట్లో తమ షరతులతో పార్టీ పెట్టుకునే రోజు వస్తే ఈ బెడద సగం తగ్గుతుందని నా అభిప్రాయం, ఇన్సూరెన్సు కంపెనీలు ఒప్పుకుంటే కదా.

హేజింగ్, అంటే కొత్తగా చేరేవాళ్లని పాతవాళ్లు పెట్టే హింస. దాని గురించి అక్క అడిగిన మొదటి ప్రశ్న, "ర్యాగింగేనా?" కాదు, పోలిక ఉంది కానీ కాదు. మన దగ్గర ర్యాగింగ్ ఫస్టియర్‌లో చేరిన పాపానికి ఎవరికైనా తప్పదు, ఎవరూ కోరుకుని వెళ్లరు, అందుకే 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం తెస్తే, 2009లో యూజీసీ నిబంధనలొస్తే ఫిర్యాదు చెయ్యడానికి కనీసం పిల్లల మనసు అడ్డం రాదు. హేజింగ్ లోపలికి పోవడానికి కట్టే టోల్. తనకి తనే కోరుకుని, వారం రోజులు పెళ్లిచూపుల్లో కూర్చుని, తల్లిదండ్రుల చేత వేలు కట్టించి వచ్చిన అమ్మాయి, ఇంకో మూడువారాలు ఓర్చుకుంటే అయిపోతుంది అనుకుంటుంది, పైగా ఫిర్యాదు చేస్తే మూసేసేది తన సొంత హౌసునే. సొరోరిటీల్లో అది ఎక్కువగా అర్ధరాత్రి లేపడం, పనులు చేయించుకోవడం, వారాలకి వారాలు మాట్లాడకపోవడం లాంటివి, బయటికి గాయం కనపడదు. 2024 డిసెంబర్‌లో కేంద్ర స్థాయిలో స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్ వచ్చింది, కాలేజీలు జరిగిన సంఘటనల్ని బయటపెట్టి తీరాలి. ఏ సంఘానికి ఏ రికార్డుందో తల్లిదండ్రులు చూసుకోవచ్చు, చూడాలి కూడా.

ఎవర్ని తీసుకుంటారన్నదాని వెనక రంగు ఉందన్నది దాచాల్సింది కాదు. 2013 సెప్టెంబర్‌లో అలబామా యూనివర్సిటీ విద్యార్థుల పేపర్ ద క్రిమ్సన్ వైట్ బయటపెట్టింది, మంచి మార్కులూ మంచి కుటుంబమూ ఉన్న ఒక నల్లజాతి అమ్మాయిని మెంబర్లు కావాలన్నా పాత విద్యార్థినులు అడ్డుపడి రానివ్వలేదని. పెద్ద గొడవైంది, యూనివర్సిటీ జోక్యం చేసుకుని మళ్లీ చేర్చుకోవడం మొదలుపెట్టించింది. 1954 కాదండీ, 2013. నల్లజాతి అమ్మాయిలు దీనికి ఎదురుచూస్తూ కూర్చోలేదు, ఎప్పుడో 1908లోనే వాషింగ్టన్ హోవర్డ్ యూనివర్సిటీలో ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు, 1913లో అక్కడే డెల్టా సిగ్మా థీటా, పుట్టిన రెండు నెలలకే ఆడవాళ్ల ఓటు హక్కు ఊరేగింపులో నడిచారు వాళ్లు. అక్కడ మెంబర్‌షిప్ కాలేజీతో అయిపోదు, ఉద్యోగాలొచ్చాక కూడా చాప్టర్లుంటాయి, చనిపోయేదాకా సొరోర్. కమలా హారిస్ ఆల్ఫా కప్పా ఆల్ఫాయే, ఎన్నికల్లో గులాబీ ఆకుపచ్చ బట్టల్లో ఆడవాళ్లు కనపడింది అందుకే.

మనవాళ్లది దీని తర్వాతి అధ్యాయం. 1965 ఇమిగ్రేషన్ చట్టం తర్వాత వచ్చినవాళ్ల పిల్లలు కాలేజీకి ఎదిగింది 1990ల్లో. 1998 ఒక్క ఏడాదిలోనే హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమెగా, ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, న్యూయార్క్ సెయింట్ జాన్స్‌లో సిగ్మా సిగ్మా రో, మూడు దేశీ సొరోరిటీలు పుట్టాయి. వీటికి మామూలుగా బిల్డింగులు లేవు, చాప్టర్‌కి పదీ ఇరవై మంది, రష్‌లో చప్పట్లూ పాటలూ ఉండవు, కొత్తవాళ్లు నల్లజాతి సొరోరిటీల పద్ధతిలో ఒక లైనుగా చేరి చివర్లో అందరి ముందూ ప్రదర్శన ఇచ్చి బయటపడతారు, దాన్ని ప్రోబేట్ అంటారు.

మా పిల్ల సంగతి చెప్పలేదు కదూ. నాలుగూ కాస్తా మూడోరోజుకి ఒకటి అయింది, అది తనకి నచ్చక రష్ మధ్యలో మానేసింది. రెండు నెలలు గదిలోంచి సరిగ్గా బయటికి రాలేదు. తర్వాత జనవరిలో దేశీ సొరోరిటీలో చేరతానంది, అక్క మొదట వద్దంది, నేను మధ్యలో పడ్డాను. ఏప్రిల్‌లో ప్రోబేట్ వీడియో పంపింది, అక్క నాకు ఫోన్ చేసి ఇద్దరం కలిసి చూశాం. ఏడుగురు పిల్లలు నల్ల బట్టల్లో, మొహాలకి మాస్కులు, ఎత్తు ప్రకారం ఒకరి వెనక ఒకరు, కాలు నేలకేసి కొడుతూ వచ్చారు. మాస్కు తియ్యకముందే అక్క "రెండోది, రెండోది మనదే, చూడు ఆ ఎడమకాలు ఎలా ఈడుస్తోందో, చిన్నప్పటి నుంచీ అంతే" అని అరిచింది. మాస్కు తీశాక కాసేపు ఏం మాట్లాడలేదు, ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది.

తర్వాత అడిగింది, "ఇంతకీ దీనికి సెమిస్టర్‌కి ఎంతటే?"